కారునకు పాత తలుపు కొనునప్పుడు

కామవరపుకోట ప్రాంతము నుండి ఒక శ్రోత వ్రాసిన ఉత్తరము కొన్నాళ్ళుగా నా బల్లమీద ఉన్నది. తోటల నడుమ ఇరుకు బాటలో, పామాయిలు గెలలు నింపుకొని పోవుచున్న ట్రాక్టరు మలుపు తిరుగునప్పుడు, దాని తొట్టి మూల వారి కారును ఒరసికొని పోయినదట. ఎవరికిని దెబ్బ తగులలేదు. ఎడమవైపు వెనుక తలుపు మాత్రము లోపలికి క్రుంగి, అద్దము దిగుట మానినది. కారు స్విఫ్టు, సెకండ్‌హ్యాండులో కొన్నది. ఊరిలోని మేస్త్రీ "ఏ స్విఫ్టు తలుపైనా ఎక్కేస్తుందండీ, బెజవాడ వెళ్ళి పాతది తెచ్చేసుకోండి" అనినాడు. ఏలూరులో మరియొక మేస్త్రీ "పాతది ఏదీ సరిగ్గా కూర్చోదండీ, కంపెనీదే వేయించండి" అనినాడు. ఇద్దరిలో ఎవరి మాట నమ్మవలెనని వారి ప్రశ్న.

ఇద్దరి మాటయు నమ్మవలసిన పనిలేదు. పాత తలుపు కొత్తదానితో సమానముగా అమరుట సాధ్యమే. అయితే అది ఏ స్విఫ్టుదైనను సరిపోవునన్నది మాత్రము పొరపాటు. ఈ రెండు మాటల నడుమనున్న దూరములోనే మన డబ్బు పోవుటయో మిగులుటయో ఉన్నది. కామవరపుకోట నుండి ఏలూరు, ఏలూరు నుండి మరి 60 కిలోమీటర్లు పోయిన బెజవాడ ఆటోనగరు. అంత దూరము పోయి, తలుపును బండిలో వేసికొని వచ్చి, తీరా బిగించబోవునప్పుడు అది ఒక వ్రేలి వెడల్పు ఎక్కువైనచో, దుకాణదారుని తిట్టి ప్రయోజనము లేదు. అతడు అడిగినదే ఇచ్చినాడు. అడుగుట మనకు తెలియలేదు.

మొదటి మేస్త్రీ చెప్పిన మాట ఒకప్పుడు చాలవరకు నిజమే. అంబాసిడరు కారు 1957లో మార్కెట్టులోనికి వచ్చినది. 2014లో దాని ఉత్పత్తి నిలిచిపోయినది. ఆ 57 ఏండ్లలో ముందు జాలీ మారినది, దీపములు మారినవి, ఇంజను మారినది, మార్కు పేర్లు మారినవి. మొత్తము ఆకారము మాత్రము ఇంచుమించు ఒకటిగానే ఉండిపోయినది. ఆ కారుమీద పని నేర్చిన తరమునకు "అంబాసిడరు తలుపు" అన్నచో ఒకే వస్తువు. కారు పేరు చెప్పినచో రేకు దొరకును. ఆ అలవాటు మేస్త్రీ నుండి శిష్యునకు సంక్రమించినది. కారులు మారినవి, అలవాటు మిగిలినది.

నిజమునకు మారుతి 800తోనే ఆ అలవాటునకు గండిపడవలసినది. 1983 డిసెంబరులో మొదట వచ్చిన మారుతి 800 వేరు. 1986లో వచ్చిన మారుతి 800 వేరు. పేరు ఒకటే, శరీరము రెండు. ఇక మన శ్రోత గారి స్విఫ్టు సంగతి చూడుడు. మనదేశములో స్విఫ్టు 2005 మేలో వచ్చినది. 2011 ఆగస్టులో రెండవ తరము, 2018 ఫిబ్రవరిలో మూడవది, 2024 మేలో నాలుగవది. మొదటి రెండు తరముల కారులను దూరము నుండి చూచినచో అన్నదమ్ములనిపించును. దీపములు కొంచెము సాగినవి, అంతే కదా యనుకొందుము. కాని ముందు చక్రము ఇరుసునకును వెనుక చక్రము ఇరుసునకును నడిమి దూరము మొదటిదానిలో 2390 మిల్లీమీటర్లు, రెండవదానిలో 2430. నాలుగు సెంటీమీటర్లు పెరిగినది. తలుపులు కూర్చుండు చోటు ఆ రెండు ఇరుసుల నడుమనే కదా. ఒకదాని తలుపు రెండవదానికి పట్టునని ఎట్లు ఆశింతుము?

మూడవ తరములో వెనుక తలుపు పట్టుపిడినే అద్దము వెనుకనున్న నల్లని మూలలోనికి ఎక్కించినారు. బయట రేకుమీద పిడి కనబడదు. నాలుగవ తరములో మరల మామూలు చోటికి దించినారు. ఇవి కంటికి కనబడు తేడాలు గనుక పొరపాటు జరుగదు. కనబడని తేడాలే మనలను ముంచును.

రేకు ఎట్లు పుట్టునో ఒక్క మాట చెప్పినచో తక్కినదంతయు సులువుగా తెలియును. ముప్పాతిక మిల్లీమీటరు చుట్టుప్రక్కల మందము గల ఉక్కు రేకును పెద్ద ప్రెస్సు యంత్రములో అచ్చునకును అచ్చునకును నడుమ నొక్కుదురు. ఒక తరము కారునకు ఒక జత అచ్చులు. ఆ అచ్చులో వేల తలుపులు పుట్టినను అన్నియు ఒకటే కొలత. కాబట్టి అదే అచ్చునుండి పుట్టి, పదేండ్లు మరియొక కారుమీద తిరిగి, ఇప్పుడు ఆటోనగరులో గోడకు ఆనించియున్న తలుపు మన కారునకు అతుకుటలో వింత లేదు. వింత ఏమనగా, "కొత్తది" అని పాకెట్టులో వచ్చు డూప్లికేటు తలుపు ఒక్కొక్కప్పుడు అతుకకపోవుట. అది వేరొకరి అచ్చు. అసలుదానిని చూచి తీసిన నకలు. రంధ్రము ఒకటి రెండు మిల్లీమీటర్లు అటునిటు ఉండును, రేకు పలుచన, మడతలు పదును తక్కువ. డూప్లికేటు కొత్తదానికన్న దెబ్బతినని అసలు పాతదే నయమని నా అభిప్రాయము. మేస్త్రీలలో పెక్కుమంది ఇదే మాట అందురు. అమ్మకమప్పుడు మాత్రము అనరు.

అచ్చు సంగతి తెలిసినచో మరియొక చిక్కుముడి కూడ విడిపోవును. పేర్లు వేరైనను అచ్చు ఒకటే కావచ్చును. 2019 జూన్‌లో టొయోటావారు గ్లాంజా అను కారును విడుదల చేసినారు. అది మారుతి వారి బెలేనోయే. ముందు జాలీ, పేరు బిళ్ళలు మార్చినారు. ఆనాటి గ్లాంజా తలుపు ఆనాటి బెలేనోకు అమరును. టొయోటా దుకాణములో లేదని ఇంటికి వచ్చినవారు మారుతి పాత సామాన్ల వరుసలో అడిగినచో దొరికియుండెడిది. ఒకే పేరుతో నాలుగు శరీరములుండుట, రెండు పేర్లతో ఒకే శరీరముండుట — ఈ రెండును ఎరిగినవాడు పేరు పట్టుకొని బజారునకు పోడు.

మరి దేనిని పట్టుకొని పోవలెను? మొదటిది ఆర్.సి. పుస్తకము లేక కార్డు. దానిలో రిజిస్ట్రేషను తేదీ ఒకటి, తయారైన నెల, సంవత్సరము మరియొకటి. మనవారు కారును రిజిస్ట్రేషను సంవత్సరముతో పిలుతురు: "నాది 2018 మోడలు" అందురు. స్విఫ్టు విషయములో ఈ మాట ఎంత ప్రమాదకరమో చూడుడు. 2018 జనవరిలో రిజిస్టరైనది రెండవ తరము కారు. 2018 ఏప్రిలులో రిజిస్టరైనది మూడవ తరము కావచ్చును, లేదా డీలరువద్ద నిలిచి ఆలస్యముగా అమ్ముడైన రెండవ తరమే కావచ్చును. టెలిఫోనులో "2018 స్విఫ్టు బానెట్టు ఉన్నదా?" అని అడిగి, "ఉందండీ, పంపించేస్తా" అన్న జవాబు విని, డబ్బు పంపిన వారి సంగతి ఇక చెప్పనక్కరలేదు. తయారైన నెలను చెప్పి అడుగుడు. అమ్మువానిని కూడ, ఆ రేకు ఊడదీసిన కారు తయారైన నెల ఏదని అడుగుడు. "మోడలు" అన్న మాటను ఇరువైపులను మానివేయుట మంచిది.

రెండవది ఛాసిస్ నంబరు. అది 17 అక్షరములు, అంకెలు కలిసిన వరుస. మనదేశములో తయారైన మారుతి కారులకు అది సాధారణముగా ఎం.ఎ.3 అని, హ్యుందాయికి ఎం.ఎ.ఎల్. అని, టాటాకు ఎం.ఎ.టి. అని మొదలగును. ఆంగ్ల అక్షరములలో ఐ, ఓ, క్యూ అనునవి దీనిలో వాడరు. ఒకటి, సున్న అనెడి అంకెలతో పొరపడుదురని. కాబట్టి ఎవరైన వ్రాసి ఇచ్చిన నంబరులో ఓ అక్షరము కనబడినచో అది సున్నయని గ్రహింపవలెను. ఈ నంబరును ఆ కంపెనీ డీలరు స్పేరుపార్టుల కౌంటరులో చూపినచో, మీ కారునకు ఏ తలుపు వచ్చినదో దాని పార్టు నంబరు తీసి చెప్పుదురు. కొత్త తలుపు ధర కూడ అక్కడనే తెలియును. బేరమాడుటకు ఇంతకంటె గట్టి ఆధారము లేదు. కొన్ని సమయములలో పాత నంబరు పోయి దాని స్థానములో కొత్త నంబరు వచ్చియుండును. రెండింటిని వ్రాసికొనుడు. ప్లాస్టికు బంపరుల వెనుక తట్టున పార్టు నంబరు అచ్చులోనే పోసియుండుట కలదు. రేకు తలుపుల మీది కాగితపు చీటీ తరచు ఊడిపోవును గనుక వాటికి కొలతయే గతి.

ఒకే తరములో, ఒకే పేరుతో, ఒకే ఏడాది తయారైన రెండు కారులకు కూడ రేకులు కలియకపోవచ్చును. ఒకటి తక్కువ ధరది, ఒకటి హెచ్చు ధరది. హెచ్చు ధరదానికి ముందు బంపరులో పొగమంచు దీపములకు గుండ్రని తావులుండును. తక్కువదానిలో ఆ చోటు మూసియుండును. ఒకదానికి ప్రక్క ఇండికేటరు ఫెండరు మీద, మరియొకదానికి అద్దము మీద. వెనుక బంపరు సంగతి ఇంకను ముఖ్యము. 2019 జూలై 1 నుండి తయారగు కారులకు వెనుకకు పోవునప్పుడు హెచ్చరించు సెన్సరులు తప్పనిసరి చేసినారు. అంతకు ముందటి చౌక రకముల బంపరులలో ఆ రంధ్రములే లేవు. పాతదానిని కొత్త కారునకు తగిలించి, సెన్సరులను లోపల వ్రేలాడగట్టి, "పనిచేయుట లేదు" అని వాపోవువారిని చూచియున్నాను. రంధ్రము చేయించవచ్చును గదా యందురేమో. చేయించవచ్చును, ఎత్తు, కోణము తప్పినచో ఆ సెన్సరు నేలను చూచి అరచును, పిల్లవానిని చూచి ఊరకుండును.

రంధ్రముల మాట వచ్చినది గనుక నా సొంత మూర్ఖత్వమును దాచుట ఎందుకు? కొన్నేండ్ల క్రిందట మా పాత చిన్న కారునకు ఎడమ ముందు ఫెండరు కొన్నాను. దుకాణము పేరు, ఊరు పేరు ఇక్కడ అనవసరము, తప్పు నాది. రేకు నున్నగా, తుప్పు లేక, ముచ్చటగా ఉన్నది. వెంటనే పెయింటరు వద్దకు పంపి రంగు వేయించినాను. ఆరిన తరువాత బిగించబోగా ఇండికేటరు కూర్చుండవలసిన రంధ్రము లేదు. మేస్త్రీ "దాందేముంది సార్, డ్రిల్లు పెట్టేస్తా" అని అప్పుడే పెట్టెను. రంగు పెచ్చులూడినది. ఉక్కు అంచు పచ్చిగా బయటపడినది. ఒక్క వానకాలము గడచునప్పటికి ఆ రంధ్రము చుట్టు ఎఱ్ఱని ఉంగరము ఏర్పడినది. రంగునకు రెండుసార్లు డబ్బు పెట్టితిని. ఆ రేకును ఒక్క పావుగంట కారుమీద ఆనించి చూచినచో ఈ కథయే లేదు. అది మొదలు నేను ఎవరు అడిగినను చెప్పునది ఒక్కటే: ముందు బిగింపు, తరువాత రంగు. మేస్త్రీ తొందరపెట్టినను, పెయింటరు రేపు ఊరికి పోవుచున్నానని బెదరించినను, ఈ వరుస తప్పనీయకుడు.

బజారునకు పోవునప్పుడు వెంట తీసికొని పోవలసినవి ఎక్కువ లేవు. ఊడదీయగలిగినచో మీ దెబ్బతిన్న తలుపునే తీసికొని పొండు. అంతకు మించిన కొలబద్ద లేదు. అది వీలుకానిచో ఒక పెద్ద అట్టముక్కను తలుపు అంచునకు ఆనించి, కీలు మేకుల రంధ్రములు, తాళము చోటు, పిడి రంధ్రము పెన్సిలుతో గీసికొనుడు. టేపుతో రంధ్రమునకు రంధ్రమునకు నడిమి దూరము కొలిచి అట్టమీదనే వ్రాయుడు. కుడి ఎడమల మాట వచ్చినప్పుడు జాగ్రత్త. కారు ముందు నిలిచి చూచువానికి ఎడమ అనిపించినది నిజమునకు కుడి. స్టీరింగు ముందు కూర్చున్నవాని కుడి ఎడమలే లెక్క. అందుకే ఆటోనగరులో "డ్రైవరు సైడా, క్లీనరు సైడా?" అని అడుగుదురు. కారులో క్లీనరు లేకున్నను ఆ లారీల భాషలో చిక్కులేదు. మీరును అట్లే చెప్పుడు.

బయలుదేరుటకు ముందు చేయవలసిన పని మరియొకటి ఉన్నది; దీనిని పెక్కుమంది మరచెదరు. మీ కారునే కొలుచుట. తొట్టి మూల తగిలినది తలుపునకే అనుకొందుము. ఆ దెబ్బకు తలుపు బిగించియున్న నిలువు స్తంభము కూడ వెనుకకు జరిగియున్నచో, ప్రపంచములోని ఏ తలుపైనను అక్కడ సరిగా కూర్చుండదు. తలుపు తెరచి, ద్వారము పై మూల నుండి క్రింది ఎదురు మూలకు ఐమూలగా టేపు పట్టుడు. తరువాత రెండవ ఐమూల. అవే కొలతలను కుడివైపు ద్వారమునకు తీసి పోల్చుడు. రెండువైపుల కొలతలు కలిసినచో భయములేదు. నాలుగైదు మిల్లీమీటర్లు మించి తేడా వచ్చినచో ముందు శరీరమును లాగి సరిచేయించవలెను. మన శ్రోత గారి ఏలూరు మేస్త్రీ "పాతది సరిగ్గా కూర్చోదు" అన్నది ఇట్టి కారులను చూచియే కావచ్చును. తప్పు తలుపుది కాదు, ద్వారముది.

ఇక రేకు మంచిచెడ్డలు. తలుపు తుప్పు బయటినుండి రాదు, లోపలినుండి వచ్చును. బయటి రేకు అంచును లోపలి రేకుమీదికి మడచి నొక్కియుందురు. అద్దము సందునుండి దిగిన వాననీరు తలుపు అడుగున చిన్న రంధ్రముల గుండ పోవలెను. అవి మట్టితో పూడినచో నీరు ఆ మడతలో నిలిచి కొరుకును. కాబట్టి తలుపును తిరగవేసి అడుగు మడతను గోటితో గీకుడు. రంగు ఉబ్బి, బుడగలుగా లేచినచోట లోపల రేకు ఇప్పటికే పోయినదని అర్థము. చేతి మెటికలతో పైనుండి క్రిందికి తట్టుడు. ఒకచోట గలగల, మరియొకచోట బొదబొద వినబడినచో అక్కడ లప్పము పెట్టినారు. పలుచని గుడ్డ చుట్టిన అయస్కాంతమును రేకుమీద జరుపుచు పోయినను తెలియును: లప్పము మందముగా ఉన్నచోట అది పట్టువదలి జారును. ఒక చిన్న సొట్టకు కొంచెము లప్పము పెట్టుట దోషము కాదు. అరచేతి మేర పెట్టినది మాత్రము వద్దు. మన బాటల కుదుపునకు అది ఏడాది తిరుగకముందే చీలును.

ఈ సందర్భములో బుడమేరును తలవక తప్పదు. 2024 ఆగస్టు నెలాఖరున, సెప్టెంబరు మొదట కురిసిన వానలకు బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగరు మొదలగు ప్రాంతములు దినముల తరబడి నీటిలో నిలిచినవి. ఇండ్లముందున్న కారులు అద్దముల వరకు మునిగినవి. అట్లు మునిగి, మరమ్మతు ఖర్చు కారు విలువను మించినవి విప్పివేతకు పోవుట సహజము. వాటి తలుపులమీద ఒక్క గీత ఉండదు. గుద్దుకొన్న కారు తలుపున సొట్టలుండును. మునిగిన కారు తలుపు పెండ్లికొడుకువలె ఉండును. కొనువాడు రెండవదానినే ముద్దుపెట్టుకొనును. లోపలి అట్ట విప్పించి చూడుడు: అద్దము నడచు పట్టాలలో సన్నని బూడిదరంగు ఒండ్రు పేరుకొనియున్నదా, మేకుల తలలన్నియు ఒకే ఎత్తువరకు తుప్పుపట్టినవా, తీగల కొనలలో ఆకుపచ్చ పొడి ఉన్నదా? ఉన్నచో రేకును కొన్నను లోపలి మోటారు, తాళము, తీగలు తీసికొనవలదు. ఆ బుడమేరు నీరు చివరకు చేరునది మన కొల్లేటికే. కొల్లేటి చుట్టు చేపల చెరువుల గట్లమీద ఏండ్ల తరబడి తిరిగిన బండ్ల అడుగు రేకులు కూడ ఇట్టి పరీక్షకే పాత్రములు. మెట్ట ప్రాంతములో తిరిగిన బండికి గీతలు ఎక్కువ, తుప్పు తక్కువ. బండి ఏ ఊరిదని అడుగుటలో చిన్నతనము లేదు.

అన్ని రేకులును పాతవి కొనదగినవి కావు. మేకులతో బిగించునవి వేరు, అతుకు వేయునవి వేరు. బానెట్టు, ముందు ఫెండర్లు, నాలుగు తలుపులు, డిక్కీ మూత, బంపరులు — ఇవి విప్పి బిగించునవి. వెనుక చక్రముపై రేకు, కప్పు, స్తంభములు, తలుపుల క్రింది గడప — ఇవి కారు ఎముకలు. వాటిని ఒక కారు నుండి కోసి మరియొకదానికి వెల్డింగు చేయుదురు. రంగు వేసినప్పుడు కంటికి ఏమియు కనబడదు. మరల గుద్దుకొన్న నాడు ఆ అతుకు విడిపోవును. మనదేశములో 2017 అక్టోబరు 1 నుండి కొత్త మోడళ్ళకును, 2019 అక్టోబరు 1 నుండి అమ్ముడగు మోడళ్ళన్నింటికిని ముందుతాకిడి, ప్రక్కతాకిడి పరీక్షలు వర్తించుచున్నవి. ఆ పరీక్షలో నెగ్గినది కంపెనీ కట్టిన శరీరము; కోసి అతికినది కాదు. తలుపు విషయములో కూడ లోపల అడ్డముగా నుండు ఉక్కు గొట్టమును చూడుడు. ప్రక్కనుండి తగులు దెబ్బను ఆపునది అదియే. అది వంగియున్నచో, కోసియున్నచో, మీ కారులో ఉండి ఈ తలుపులో లేకున్నచో, ఎంత చవుకైనను వదలివేయుడు. బానెట్టు కొన్నప్పుడు తాళపు కొక్కెము, దాని రెండవ మెట్టు సరిగా పట్టుచున్నవో లేవో పదిసార్లు మూసి తెరచి చూడవలెను. జాతీయరహదారిమీద వేగముగా పోవునప్పుడు బానెట్టు లేచి ముందు అద్దమును కప్పినచో, మిగుల్చుకొన్న డబ్బును లెక్కపెట్టుకొను తీరిక ఉండదు.

రసీదు అడుగుటకు మొగమోటపడకుడు. దానిమీద ఊడదీసిన కారు ఛాసిస్ నంబరు వ్రాయించుకొనుడు. దొంగసొత్తని తెలిసియో, తెలియుటకు తగిన కారణము ఉండియో తీసికొనుట భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షను క్రింద నేరము. ఆ సంహిత 2024 జూలై 1 నుండి అమలులో ఉన్నది. నంబరు చెప్పనొల్లని దుకాణము ఎదుటనే మరియొక దుకాణముండును. బీమా క్లెయిము వేయుచున్నచో సర్వేయరునకు చెప్పకుండ పాత తలుపు బిగించి కొత్తదాని బిల్లు చూపరాదు. వేరు రంగు తలుపు తెచ్చినచో మీ కారు రంగే వేయించుడు. ఒకే రంగు తలుపు దొరికినదని పొంగిపోవలసినది కూడ లేదు: తెలుపులలో మామూలు తెలుపు, ముత్యపు తెలుపు వేరువేరు, ఎండలో పదేండ్లు నిలిచిన తెలుపు మూడవది.

ఇక మన శ్రోత గారికి. మీరు ఉత్తరములో కారు తయారైన నెల వ్రాయలేదు; ముందు ఆర్.సి.లో అది చూడుడు. ద్వారము ఐమూలలు కొలిచి, కుడివైపుతో పోల్చుడు. ఏలూరులో కౌంటరువద్ద పార్టు నంబరు, కొత్త ధర తెలిసికొనుడు. పాత తలుపు ధరకు రంగు ఖర్చు, ప్రయాణపు ఖర్చు, పోగొట్టుకొను ఒక దినము కూలి కలుపుడు. మొత్తము కొత్తదాని ఖర్చులో మూడువంతులు దాటినచో ఆ శ్రమ పడనక్కరలేదు, కొత్తదే వేయించుడు. పాతదే కొన్నచో ఖాళీ తలుపు తీసికొని, మీ తలుపులోని అద్దము, తాళము, పిల్లలు తెరువకుండ వేయు మీట మొదలగునవి దానిలోనికి మార్పించుడు. అవి చెడియున్నచో మాత్రమే వారివి కొనుడు. మీ కారు అద్దములు చేతితో త్రిప్పునవియో మోటారువో చూచుకొని, తలుపు లోపలి రేకున అవే రంధ్రములున్నవని నిశ్చయించుకొనుడు. సరిపోనిచో తిరిగి తీసికొనునట్లు రసీదుమీదనే వ్రాయించుడు, రంగు వేయనంతవరకు అను షరతుతో. 

బిగించిన పిమ్మట తలుపునకును ప్రక్క రేకునకును నడుమనున్న సందును పైనుండి క్రిందివరకు చూడుడు. కుడివైపు ఎంత ఉన్నదో ఇక్కడ అంతే ఉండవలెను. ఒక పోస్టుకార్డు ముక్కను రబ్బరు అంచుమీద పెట్టి తలుపు మూసి లాగుడు. నాలుగువైపులను ఒకే విధముగా బిగువు తెలియవలెను; వదులుగా వచ్చినచోట వాననీరు, మన మెట్టదారుల ఎఱ్ఱదుమ్ము దారిచేసికొనును. అప్పుడు మేస్త్రీ కీలు మేకులు సడలించి ఒక వెంట్రుకవాసి జరుపును. చివరకు ఇంట ఎవరినైన లోపల కూర్చుండబెట్టి, పైనుండి రెండు బిందెల నీరు పోసి, వారు తడియలేదని చెప్పిన తరువాతనే పెయింటరును పిలువుడు.